ఒంటరి కబురు

మా మావయ్యది కాగితాల కట్టలు కోసే యంత్రాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం. చెయ్యి కత్తి కిందికి వెళ్తే సెన్సర్ పసిగట్టి ‘ఆగు’ అని కబురు పంపుతుంది. నెట్‌వర్క్ కార్డు దాన్ని అందుకున్నాక, కత్తి గడువులోగా ఆగాలి. వేగం కాదు, ఒక్కసారి కూడా గడువు దాటకపోవడం ముఖ్యం. అలా గడువుకి కట్టుబడే రియల్ టైమ్ సిస్టమ్‌కి తగ్గట్టు ఆ కార్డుని నడిపే డ్రైవర్ ప్రోగ్రాంని మలచడమే ఆయన పని. ముప్ఫై ఏళ్లలో ఒక్క వేలూ తెగలేదు. ఆయన గొప్ప చెప్పుకునేది అదొక్కటే. అదీ అడిగితేనే.

పాత రకం కార్డుల తయారీ ఆగిపోయింది. కొత్త కార్డుకి డ్రైవర్ సిద్ధంచేసి, షెడ్డులో యంత్రాలన్నీ ఒకేసారి నడిపించి, నెట్‌వర్క్ నిండా కబుర్లు కుక్కి వారం పరీక్షించాడు. ఒక్కటీ ఆలస్యం కాలేదు. సంతకం పెట్టాడు. మొదటి యంత్రం ఒక బైండింగ్ షాపుకి వెళ్లిపోయింది.

అత్తయ్య కూడా మావయ్య ఫ్యాక్టరీలోనే కొత్త యంత్రాలు నడిపి చూస్తుంది. మర్నాడు భోజనాల వేళ, మిగతావన్నీ ఆగి ఉండగా, కొత్త కార్డున్న రెండో యంత్రంలో చేతికి బదులు అట్టముక్క పెట్టింది. కత్తి ఆగేలోగా దానిమీద గోరంత గాటు పడింది. మావయ్య నమ్మలేదు. అట్ట వంకరేమో అన్నాడు.

“వంకర అట్టది కాదండీ. మీ కార్డూ మీలాంటిదే. ఒక్క పిలుపుకి పలకదు. నాలుగు పోగవ్వాలి,” అంది అత్తయ్య.

పక్కనున్నవాళ్లు నవ్వారు. మావయ్య మాత్రం అట్టముక్క మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ఆ కార్డుకి నిజంగానే ఆ అలవాటుంది. ఒక్కో కబురుకీ కంప్యూటర్‌ని లేపకుండా, కొన్ని చేరాక ఒకేసారి లేపుతుంది. రద్దీలో అవి ఇట్టే చేరతాయి. సందడి లేనప్పుడు ఒంటరి కబురు కాచుక్కూర్చుంటుంది. ఆ అలవాటు మాన్పించే లైను ఆయన రాయలేదు. రద్దీని తట్టుకుంటే చాలనుకున్నాడు.

రేపు షాపుకి ఎవర్నైనా పంపి గుట్టుగా సరిచేయిద్దాం, ఈ వయసులో పేరెందుకు పాడుచేసుకోవడం అన్నాడు ఫోర్‌మన్. నేనైతే ఆ మాటే వినేవాణ్ణి. మావయ్య అప్పటికే షాపుకి ఫోన్ కలిపాడు.

“తప్పు నాది. యంత్రం ఆపించండి.”

అందరూ భోజనాలకెళ్లారనీ, ఒకామె మాత్రం కోస్తోందనీ షాపు యజమాని తాపీగా చెప్పాడు.

“ఆమెనే ఆపండి. ఇప్పుడే. నేను ఫోన్ పెట్టను.”

కత్తి పడే చప్పుడు ఫోన్‌లో వినిపిస్తూనే ఉంది. ఒకటి. రెండు. మూడు. తర్వాత లేదు.

“ఆమె చేతులు?” అన్నాడు మావయ్య.

“బాగానే ఉన్నాయండీ. ఏమైంది?” అంది ఓ ఆడగొంతు.

అత్తయ్యే ఫోన్ అందుకుని సంగతి చెప్పింది.

ఇప్పుడెవరైనా ఆ ముప్ఫై ఏళ్ల ముచ్చట అడిగితే, మావయ్య సొరుగులోంచి అట్టముక్క తీసి గాటు చూపిస్తాడు.