ఒరిగిన ఎర్ర గీత

ఆ కుర్చీలో స్టాన్లీ ఎప్పుడూ కూర్చోలేదు.

సౌదీలో, అల్ ఖోబర్‌లోని ఆ ఫర్నిచర్ షోరూములో ఏ వస్తువు ఎక్కడ ఉండాలో నిర్ణయించేది అతనే. బంగారు పూత సోఫాలు, బరువైన తెరలు, అద్దాల బీరువాలు అమ్ముడుపోయేవి. అమ్ముడుపోనివి మూడుండేవి. అవే అతనికి ఇష్టం.

ఒకటి కుర్చీ. కర్రను ఆవిరి పట్టి వంచి చేసింది. వీపు దగ్గర నుంచి చేతుల దాకా ఒకటే వంపు, ఎక్కడా మేకు కనబడదు. రెండోది కాగితపు దీపం. వెలిగిస్తే వెలుతురు పడినట్టుండదు, గది తనంతట తానే తెల్లవారినట్టుంటుంది. మూడోది జెద్దాలో ఉండే ఒకావిడ వేసిన బొమ్మ. బారెడు వెడల్పున బూడిద రంగు, మధ్యలో అడ్డంగా ఒక ఎర్ర గీత. వచ్చినవాళ్లు, ఇది ఇంకా పూర్తి కాలేదా అని అడిగేవారు. అయింది, అని స్టాన్లీ మర్యాదగా చెప్పేవాడు.

నరసాపురం దగ్గర పల్లెలో అతని తల్లి వరమ్మ లేసు అల్లేది. అంతా అయ్యాక ఒక మూల వంకర పోయిందనిపిస్తే, మాట్లాడకుండా విప్పేసి మళ్లీ మొదలుపెట్టేది. ఆమె పక్కన కూర్చునే స్టాన్లీకి చూపు అలవడింది. చర్చిలో క్రిస్మస్ తోరణాలు కట్టే వయసు నుంచీ వంకరగా ఉన్నది కనిపిస్తే అతనికి పళ్లు పులిసేవి. తర్వాత విజయవాడలో ఇంటీరియర్ డిజైన్ చదివాడు. సౌదీకి దొరికింది మాత్రం వడ్రంగి వీసా. అక్కడ ఉండటానికిచ్చే కార్డు, ఇకామా మీద అదే పడింది. చాలాకాలం దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

పట్టించుకునే రోజులొచ్చాయి. నితాకత్ అని, దుకాణాల్లో సౌదీలు ఇంతమంది ఉండాలన్నారు. తర్వాత వెంట ఉన్న కుటుంబాల మీద తలకింత అని లెవీ వేశారు. కట్టలేనివాళ్లు ఇంటివాళ్లని ఊళ్లకి పంపేశారు, అతనుండే బిల్డింగు మెట్ల మీద పిల్లల చప్పుడు తగ్గింది. ఆ తర్వాత ఫర్నిచర్ షోరూముల్లో అమ్మే పని సౌదీలకే అన్నారు. ఇకామాలో ఒక పని, చేతిలో మరో పని ఉన్నవాడు దొరికితే విమానం ఎక్కించేస్తారు. స్టాన్లీ భార్య జాయ్సీ నర్సు, ఆమెకు ఆసుపత్రి ఇచ్చిన ఇకామా ఉంది. పాప షాలిని మాత్రం తండ్రి ఇకామా మీద ఉంది. అది పోతే పాప కూడా వెళ్లిపోవాలి.

ఇకామాలో వృత్తి మార్పుకి దరఖాస్తు పెట్టానన్నాడు యజమాని. అది వచ్చేదాకా గోడౌన్‌లోనే ఉండు, షోరూములో కనబడకు అన్నాడు.

"ఇవాళైనా లోపలే ఉండండి," అంది జాయ్సీ పొద్దున్నే. "ఆ బొమ్మలేమన్నా మేత అడుగుతాయా, నీళ్లడుగుతాయా? పాప మొహం చూసైనా ఉండండి."

"ఉంటానే," అన్నాడు.

మధ్యాహ్నం దాకా ఉన్నాడు. తర్వాత కాగితపు దీపం మీద దుమ్ము గుర్తొచ్చింది. షోరూములోకి వెళ్లి దులిపి వచ్చేద్దామనుకున్నాడు. సరుకు దించే లింబాద్రి నవ్వాడు. అతనిది నిజామాబాద్ వైపు.

"ఏం సార్, గా దీపం మీదనే ఉన్నదా నీ పానం?"

దులపడం ఇంకా అవలేదు. కొత్తగా చేరిన సౌదీ అమ్మాయి నూరా అద్దంలోంచి బయటికి చూసి, చెకింగ్ అని గొణిగింది. స్టాన్లీ వెనక తలుపు వైపు తిరిగాడు. అక్కడ లింబాద్రి రెండు చేతులూ ఊపుతున్నాడు.

"లారీ అడ్డం పెట్టిండ్రు సార్, తొవ్వ లేదు! గా కుర్సిల కూసో. కస్టమర్ లెక్క ఫోన్ సూస్కుంట కూసో. కదలకు!"

స్టాన్లీ కూర్చున్నాడు.

ఆ వంపు అతని వీపుని పట్టుకుంది. ఇన్నేళ్లూ కళ్లతోనే చూసిన కుర్చీ. ఇంత మెత్తగా ఉంటుందని అతనికి తెలియదు. దేవా, ఈ ఒక్కసారికి, అనుకున్నాడు. ఫోనులో షాలిని ఫొటో తెరిచి దానికేసే చూస్తున్నాడు.

కార్మిక శాఖ అధికారి మడమల దాకా ఉన్న తెల్లటి తోబులో నెమ్మదిగా వచ్చాడు. నూరా కార్డు చూశాడు, యజమాని కాగితాలు చూశాడు. కుర్చీలో ఉన్న మనిషికి సలాం చెప్పాడు. స్టాన్లీ తల ఊపాడు. అధికారి వెళ్లడానికి తిరిగాడు. భుజానున్న సంచీ బొమ్మ చట్రానికి తగిలింది.

ఎర్ర గీత ఒరిగింది.

స్టాన్లీ ఫోనులోకి చూశాడు. పాప జడలు, పాప బడి సంచీ. తల ఎత్తకూడదు. అధికారి ద్వారం దాటితే చాలు. దవడ బిగించాడు. పళ్లు పులుస్తున్నాయి. కళ్లు మూసుకుంటే ఆ గీత ఇంకా ఒరిగి కనిపించింది.

ఎప్పుడు లేచాడో తెలియదు. వేలితో చట్రం కింది మూలని కొద్దిగా నెట్టి, వెనక్కి రెండడుగులు వేసి, ఒక కన్ను మూసి చూశాడు. కొనుక్కోవడానికి వచ్చినవాడెవడూ అలా చూడడు.

తర్వాత వెనక్కి తిరిగాడు.

ద్వారం దగ్గర అధికారి ఆగి ఉన్నాడు. బొమ్మనీ, స్టాన్లీనీ చూశాడు.

"ఇప్పుడు సరిగ్గా ఉంది," అన్నాడు అరబ్బీలో, కోపం లేకుండా. చెయ్యి చాచాడు. "ఇకామా."

ఆయన కార్డు మీద వడ్రంగి అన్నది చూసి రాసుకుంటుంటే లింబాద్రి పక్కకి వచ్చాడు.

"ఏమైంది సార్? కూసోమంటి గద!"

"బొమ్మ ఒరిగింది, లింబాద్రీ."

"ఒరుగుతే ఒరగనియ్యాలె! గది నీ ఇంటి గోడనా?" అధికారి వైపు ఒకసారి చూశాడు. "పాపకేం జెప్తవ్ సార్?"

ఫోను మోగింది. జాయ్సీ.

"డ్యూటీ అయిపోయిందండీ. పాపని నేనే తెచ్చేసుకుంటాను. వృత్తి మార్పు సంగతి ఏమన్నా తెలిసిందా?"

రోజూ అడిగే మాటే. స్టాన్లీ గోడ వైపు చూశాడు. గీత తిన్నగా ఉంది.

"తెలిసింది జాయ్సీ," అన్నాడు. "ఇంక దానితో పని లేదు."