మంగళవారం నాడు మరిసోల్‌తో సిక్కోలుకి

మంగళవారం ప్రయాణం వద్దని మా అమ్మ ముందురోజే గొణిగింది. టీచరుగారు రమ్మన్నది ఆ రోజే కాబట్టి వినకుండా బయల్దేరాం. ఉదయం ఏడున్నరకి విజయనగరం స్టేషన్‌లో టికెట్లు తీసుకుని, ఇడ్లీ పొట్లాలు సంచిలో పెట్టుకుని పాసింజరు కోసం నిలబడ్డాం. మేమంటే నేనూ, మరిసోలూ. మా స్టీలు సామాన్ల కొట్టు మేడ మీద నేను స్పోకెన్ ఇంగ్లీషు చెబుతాను. ఆ పక్కగదిలో అద్దెకుంటున్న స్పెయిన్ అమ్మాయి మరిసోల్. వాళ్ళ ఊళ్ళో వయొలిన్ వాయించేది. మన పద్ధతిలో నేర్చుకోవాలని ఇంత దూరం వచ్చింది.

నేర్పగలిగిన మనిషి మావాళ్ళు సిక్కోలనే శ్రీకాకుళంలో ఉన్నారు. సుభద్రగారని, హైస్కూల్లో నాకు ఇంగ్లీషు చెప్పిన టీచరే. వాళ్ళింట్లో తరతరాలుగా సంగీతం ఉంది. “ఆ పిల్లకి తెలుగు రాదు, నాకు స్పానిష్ రాదు. ఓ పూట ఇంగ్లీషులో మాట్లాడి చూస్తాను. ఒకరి మాట ఒకరికి ఎక్కితే పాఠం, లేకపోతే లేదు” అని ఫోన్‌లో తేల్చేశారు. ఆవిడ కాదంటే మరిసోల్ నెలాఖరుకి తిరుగు విమానం ఎక్కాల్సిందే. నాకు మాత్రం బెంగ లేదు. మూడు నెలలుగా తర్ఫీదు ఇస్తున్నది నేను కదా!

వచ్చిన కొత్తలో ఆ పిల్ల ఇంగ్లీషంతా ఫోన్‌లో నేర్చుకున్నదే. వాన పడితే పిల్లులూ కుక్కలూ కురుస్తున్నాయనేది. ఇన్నేళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను, ఆ మాట అన్న మనిషి నాకెక్కడా తగల్లేదు. అవన్నీ కట్టిపెట్టించి రోజువారీ మాటల్లోకి దింపాను. పేరేమిటి, తిన్నారా, ఎక్కడికి వెళ్తున్నారు. ముందు మనుషులతో నోరు కలిస్తే చాలు, మిగతావి వాటంతటవే వస్తాయి.

రైలు ఆలస్యంగా వచ్చింది గానీ కిటికీ పక్క సీట్లు దొరికాయి. నెల్లిమర్ల దాటేసరికి ఇడ్లీలు అయిపోయాయి. చీపురుపల్లిలో ఒకావిడ వంకాయల సంచితో ఎక్కి ఎదురుగా కూర్చుంది. మరిసోల్ ఊరుకుంటుందా? “వేర్ ఆర్ యూ గోయింగ్?” అంది నవ్వుతూ.

“పొందూరు. మా అప్ప ఇంటికి ఎల్తన్నాను” అందావిడ, ఏమాత్రం తడుముకోకుండా. తర్వాత నా వైపు తిరిగి, “ఏ ఊరమ్మా ఈ పిల్లది? ఇస్కూల్లో సెప్తాదేటి?” అంది.

“నో ఎస్కూల్. ఎస్టూడెంట్!” అంది మరిసోల్.

“సూడు, దీనికీ మనలాగే నోరు తిరగదు” అని ఆవిడ మురిసిపోయి రెండు వంకాయలు తీసి ఒళ్ళో పెట్టింది. ఆ ఊపులో మరిసోల్ పెట్టెలో సగంమందిని ఎక్కడికని అడిగేసింది. అందరూ హాయిగా చెప్పారు. పిల్ల గెలిచేసిందనే అనుకున్నాను.

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఆమదాలవలసలో ఉంటుంది. అక్కణ్ణుంచి ఊళ్ళోకి షేర్ ఆటోలూ బస్సులూ దొరుకుతాయి. మేం ఆటో ఎక్కి, నాగావళి దగ్గర దిగి, సందులు వెతుక్కుంటూ వెళ్ళేసరికి పదకొండు కావొస్తోంది. సుభద్రగారు చెప్పులేసుకుని, గొడుగు పట్టుకుని అప్పుడే గేటు తీస్తున్నారు. నేను నమస్కారం పెట్టేలోపే మరిసోల్ ముందుకెళ్ళి గట్టిగా, స్పష్టంగా అడిగింది.

“వేర్ ఆర్ యూ గోయింగ్, మేడమ్?”

రైల్లో కూర్చున్నవాళ్ళని ఎక్కడికని ఎంతైనా అడగొచ్చు. గడప దాటుతున్న మనిషిని మాత్రం మనవైపు అలా అడగరు. మరీ ఉండబట్టకపోతే “దూరమా?” అంటారు. అన్ని మాటలు నేర్పినదాన్ని ఆ ఒక్కటీ చెప్పలేదు. టీచరుగారు వెనక్కి తిరిగారు. చెప్పులు విప్పి, లోపలికెళ్ళి, బల్ల మీద కూర్చుని మంచినీళ్ళు తాగారు. మేం గేటు దగ్గరే బిక్కమొహాలేసుకుని నిలబడ్డాం.

కాసేపటికి ఆవిడ మళ్ళీ చెప్పులేసుకుని బయటికొచ్చారు. మమ్మల్ని దాటుకుని వీధిలో నాలుగడుగులు నడిచి ఆగారు. “ఇంకెక్కడికెళ్తానే? ఆటోవాడికి సందు తెలీదని మీకోసమే బయల్దేరాను. లోపలికి రండి!” అన్నారు.

భోజనాలయ్యాక మరిసోల్‌కి ఆవిడే ఇంగ్లీషులో ఆ సంగతి విడమరిచి చెప్పారు. మరిసోల్ ముందు ఎర్రబడింది. తర్వాత పక్కున నవ్వింది. వాళ్ళ అమ్మమ్మ కూడా మంగళవారం నాడు ఊరికి కదిలేది కాదట. ఒకసారి టికెట్టు చేతిలో ఉండగానే ఓడ వదిలేసిందట. మాటలు అక్కడక్కడా తడబడినా కథ ఆగలేదు. మధ్యలో నేను అందించబోతే టీచరుగారు కళ్ళతోనే నోరు మూయించారు. మూడు గంటలైనా ఏ సంగతీ తేల్చలేదు. “ఆలోచించి ఫోన్ చేస్తానమ్మా” అన్నారు చివరికి. ఆ మాటకి అర్థం నాకు తెలుసు. నా ధీమా అంతా అక్కడే చప్పబడిపోయింది.

చెప్పులేసుకుని గేటు దాకా వచ్చాం. నేను గడియ తీస్తుంటే వెనక నుంచి గొంతు వినపడింది.

“మరిసోల్! వేర్ ఆర్ యూ గోయింగ్?”

ఎంత టీచరైనా ఇదేం చాదస్తం, మమ్మల్ని అలా అడగొచ్చా అని నాకు ఒళ్ళు మండింది. మరిసోల్ మాత్రం క్షణం ఆలోచించలేదు. చెప్పులు విప్పేసి, గబగబా లోపలికెళ్ళి బల్ల మీద కూర్చుని, “వాటర్, ప్లీజ్” అంది.

సుభద్రగారు నీళ్ళు తెచ్చిచ్చారు. తర్వాత లోపలికెళ్ళి వయొలిన్ తెచ్చారు. మొదటి పాఠం గేటు దగ్గర నిలబడే విన్నాను. కళ్ళు చెమర్చాయి, చెప్పుకోడానికి సిగ్గేమీ లేదు.

సాయంత్రం రైలు ఎలాగూ పోయింది. ఆర్టీసీ కాంప్లెక్సుకొచ్చి, బజ్జీలు తిని విజయనగరం బస్సెక్కాం. వెళ్ళేవాళ్ళకి నా సలహా ఒకటే: పొద్దున రైలు, తిరుగు బస్సు, మధ్యలో తొందర వద్దు. ఎచ్చెర్ల దాటుతుంటే కండక్టరు మా సీటు దగ్గరికొచ్చి, “ఎక్కడికమ్మా?” అన్నాడు. మరిసోల్ కంగారుగా నా మొహం చూసింది. కండక్టరు అడగొచ్చులే అన్నాను.

“ఇజీనారం” అంది మరిసోల్ తెలుగులో, ధైర్యంగా. ఆపైన అతను అడక్కపోయినా, “మంగళవారం మళ్ళీ సిక్కోలు” అంది.