సొరుగులో సెల్లు, ఖాతాలో కోత

అది 2023, వానాకాలం నాట్లు అయిపోయిన రోజులు. బాన్సువాడ బస్టాండు నుంచి బజారుకు వచ్చే దారిలో నాకు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. అమ్మకం, రిపేరు రెండూ చేస్తాను. మొదట్లో రిపేరు బల్ల దగ్గర ఆడమనిషిని చూసి, "మీ ఆయన ఎప్పుడొస్తడమ్మా?" అని అడిగేవాళ్లు. మా ఆయన బడిపంతులు, స్క్రూడ్రైవరు ఏ కొనతో తిప్పాలో ఆయనకు తెలియదు అని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టేది. పదేళ్లు గడిచేసరికి ఆ ప్రశ్న ఆగిపోయి, నా పేరు సెల్లు సుజాతక్క అయింది. ఆ పేరంటే నాకు గర్వం ఉండేది. కొంచెం కాదు, బాగానే ఉండేది.

మా దగ్గర సెల్లు కొన్నవాళ్లు డబ్బా చంకలో పెట్టుకుని వెళ్లిపోరు. "అన్నీ ఏసి ఇయ్యక్కా" అని స్టూలు మీద కూర్చుంటారు. సిమ్ వేయాలి, అద్దం అతికించాలి, పాటల యాప్, వాతావరణం యాప్ ఎక్కించాలి. యాప్ ఎక్కాలంటే సెల్లుకు ముందు ఒక ఐడీ ఉండాలి. ఐడీ అంటే ఒక ఈమెయిల్ చిరునామా, దానికో పాస్‌వర్డ్. ఇంటికి తాళంచెవి ఎలాగో సెల్లుకు అది అలాగ. ఈమెయిల్ లేనివాళ్లకు ఆ ఐడీ కూడా నేనే వేసి ఇచ్చేదాన్ని. పోయేటప్పుడు చదువురాని వాళ్లకు ఒక మాట చెప్పి పంపేదాన్ని: "ఏదన్న అడిగితె భయపడకుండ్రి, పచ్చది ఒత్తుండ్రి."

ఒక సోమవారం పొద్దున ధన్‌సింగ్, అతని భార్య శాంతాబాయి వచ్చారు. జుక్కల్ వైపు తండా వాళ్లది. ధన్‌సింగ్ ట్రాక్టరు నడుపుతాడు. సెల్లు నా దగ్గరే కొన్నాడు. అతని ఖాతాలో డబ్బులు కొద్దికొద్దిగా తగ్గుతున్నాయి. ఒకసారి రెండు వందలు, ఒకసారి ఐదు వందలు, ఒకే రోజు నాలుగుసార్లు. ట్రాక్టరు టైర్లకని దాచిన సొమ్ము అది. మెసేజీలు ఇంగ్లీషులో వస్తాయి కాబట్టి అతను కంపెనీ ప్రకటనలు అనుకుని వదిలేశాడు. బ్యాంకులో అడిగితే ఆన్‌లైన్ గేమ్‌లో కొనుగోళ్లు అని చదివి చెప్పారట.

"నాకు ఆటలు రావక్కా. నా సెల్లుల ఆటనే లేదు. మరి ఎవరు తీస్తుండ్రు?" అన్నాడు ధన్‌సింగ్.

శాంతాబాయి ముందుకు వచ్చింది. "మా తమ్ముడు మోతీరాం మా తాన్నే ఉంటడక్కా, ఈయనతోని ట్రాక్టరు మీద పోతడు. ఎప్పుడు జూసినా సెల్లుల ఆట ఆడుతనే ఉంటడు. గందుకని ఈయన వాని మీద పెడుతుండు. జర చూసి, వాడు తియ్యలే అని జెప్పు."

"చూసి జెప్తది. తియ్యలే అని ముందుగాల్నే ఎట్ల జెప్తది?" అన్నాడు ధన్‌సింగ్.

నాకు లోపల్లోపల సంబరంగానే ఉంది. తీర్పు చెప్పడానికి నా దగ్గరికి వచ్చారు మరి. సెల్లు తెరిచి యాప్ స్టోర్‌లో కొనుగోళ్ల జాబితా తీశాను. ఏ రోజు ఏది కొన్నారో అక్కడ వరుసగా కనిపిస్తుంది. పండ్లను జతచేసే ఆట ఒకటి, దాంట్లో ఓడినప్పుడు మళ్లీ ఆడేందుకు ప్రాణాలు కొన్నట్టు బారెడు జాబితా ఉంది. ఆ ఆట మాత్రం సెల్లులో లేదు. అంటే ఎవరో దాన్ని ఎక్కించి, ఆడి, కొని, జాడ తెలియకుండా తీసేశారన్నమాట. నాకు ఇంకే అనుమానమూ రాలేదు.

"ఈ సెల్లు పట్టేటోళ్లు ఎవరెవరు?" అని అడిగాను.

"నేను. బండి కాడ ఉన్నప్పుడు మా మోతీ."

"మరింకేందన్నా" అన్నాను.

అన్నది అంతే. శాంతాబాయి నా మొహం చూసి, మెల్లగా, "వాడు పండ్ల ఆట ఆడడక్కా, తుపాకుల ఆట ఆడుతడు" అంది. నేను నవ్వి, "పైసలు పోయినంక పండ్లయితేంది, తుపాకులయితేంది" అన్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

సెల్లును ఫ్యాక్టరీ రీసెట్ చేసిస్తానని ఉంచుకున్నాను. అంటే లోపలిదంతా తుడిచేసి కొన్ననాటి స్థితికి తేవడం. సిమ్ తీసి ధన్‌సింగ్ పాత బటన్ సెల్లులో వేసి ఇచ్చాను. పని ఒత్తిడిలో రీసెట్ సంగతి మరిచిపోయాను. సెల్లు ఆఫ్ అయి సొరుగులోనే ఉండిపోయింది.

నాలుగో రోజు ధన్‌సింగ్ ఒక్కడే వచ్చాడు. బటన్ సెల్లు బల్ల మీద పెట్టాడు. పొద్దున వచ్చిన మెసేజీ. మళ్లీ ఐదు వందలు పోయాయి.

"మోతీని అడిగితివా?" అన్నాను.

"తండాల నలుగురి ముంగట అడిగిన. సుజాతక్కనే చూసి జెప్పింది అన్న. వాడు ఒట్టు వెట్టుకున్నడు. ఎవలు నమ్మలే. అదే దినం బట్టలు సదురుకొని మహారాష్ట్ర దిక్కు చెరుకు పనికి పోయిండు. నా పెండ్లాం నాతోని మాట్లాడుతలేదు." బటన్ సెల్లును నా వైపు జరిపి మళ్లీ అన్నాడు. "మోతీ ఊర్లనే లేడు. సెల్లు నీ తాన ఉన్నది. ఇగ ఎవలు తీసినట్టక్కా? నువ్వా?"

అతను కోపంతో అనలేదు. నిజంగానే అడిగాడు. 

సొరుగు లాగి చూశాను. సెల్లు అక్కడే ఉంది, బ్యాటరీ పూర్తిగా అయిపోయి. ఛార్జింగు పెట్టి తెరిచాను. కొనుగోళ్ల జాబితాలో ఆ పొద్దుటిది కూడా ఉంది. ఆఫ్ అయి ఉన్న సెల్లు ఎలా కొంటుంది? నా బుర్ర పని చేయలేదు. చేయాల్సిన మొదటి పని మాత్రం అప్పుడైనా గుర్తొచ్చింది. బ్యాంకు హెల్ప్‌లైన్‌కు ఫోను చేయించి ధన్‌సింగ్ కార్డును బ్లాక్ చేయించాను. సైబర్ ఫిర్యాదు కూడా రాయించాను. ఇది మొదటి రోజే చేయించాల్సింది. ఆ రోజు నేను దొంగను పట్టే పనిలో ఉన్నాను, డబ్బు ఆపే పని తోచలేదు.

తర్వాతి రెండు రోజులూ నాకు అదే పని. వైరస్ అనుకున్నాను, ఏమీ దొరకలేదు. కార్డుకు నకలు చేశారేమో అనుకున్నాను. అలా నకలు చేసినవాడు పండ్ల ఆటలో ప్రాణాలు కొంటాడా? పక్క దుకాణం ఆయన ఇదంతా విదేశీ హ్యాకర్ల పని అన్నాడు. హ్యాకర్లకు తండాలో ధన్‌సింగ్ ఒక్కడే దొరికాడా అని అడిగితే టీ గ్లాసు పట్టుకుని తన దుకాణంలోకి పోయాడు.

మూడో రోజు కొనుగోలు రసీదు ఏ ఈమెయిల్‌కు పోతుందో చూద్దామని స్క్రీను పైభాగం చూశాను. అక్కడ నా దుకాణం పేరుతో ఉన్న ఐడీ కనిపించింది. రోజుకు పదిసార్లు నేనే కొట్టే ఐడీ, దానికి వచ్చే మెయిళ్లు మాత్రం ఎప్పుడూ తెరిచి చూడనిది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని.

సంగతి ఇది. ఈమెయిల్ లేనివాళ్లకు ఒక్కొక్కరికి కొత్త ఐడీ చేసివ్వాలంటే అరగంట పడుతుంది. పైగా పాస్‌వర్డ్ మరిచిపోయి మళ్లీ నా దగ్గరికే వస్తారు. అందుకని నా దుకాణం ఐడీనే అందరి సెల్లుల్లో వేసేదాన్ని. ఆ ఐడీ ఎన్ని సెల్లుల్లో ఉందో చూస్తే నలభై మూడు తేలాయి. నలభై మూడు ఇళ్లకు ఒకటే తాళంచెవి.

మిగిలింది కూడా వరుసగా గుర్తొచ్చింది. ఎండాకాలంలో ధన్‌సింగ్, భజనల మధ్యలో ప్రకటనలు వస్తున్నాయి, అవి రాకుండా చేయమన్నాడు. దానికి డబ్బు కట్టాలి. అతని ఏటీఎం కార్డు నంబరు నేనే కొట్టాను. మొదట చెల్లింపు కాలేదు. బ్యాంకు యాప్‌లోకి పోయి విదేశీ చెల్లింపుల అనుమతి తెరిచాను, అప్పుడైంది. ఆ అనుమతి తెరిచి ఉంటే బయటి దేశపు కంపెనీలు కొన్ని ఓటీపీ అడగకుండానే డబ్బు తీసుకోగలవు. పని కాగానే దాన్ని మూయలేదు. కార్డు నంబరు ఐడీలోనే నిలిచిపోయింది. ఇక ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడగకుండా ఎప్పుడో నేనే సెట్టింగు మార్చి పెట్టాను, జనం ఊరికే వచ్చి విసిగిస్తున్నారని. ఆ నలభై మూడు సెల్లుల్లో ఎవరు ఏది కొన్నా కోత పడేది ధన్‌సింగ్ ఖాతాలోనే.

ఎవరు కొన్నారు అన్నది ఇంకా తెలియదు. జాబితా ఐడీది, ఏ సెల్లులో కొన్నారో అది చెప్పదు. కార్డు నంబరు ఐడీలోంచి తీసేసి, పాస్‌వర్డ్ మార్చి, అన్ని సెల్లుల నుంచి ఐడీని ఒక్కసారే బయటికి పంపేశాను. మర్నాటి నుంచి జనం బారులు తీరారు. "అక్కా, సెల్లు ఏందో అడుగుతుంది", "అక్కా, పాటలు అస్తలెవ్వు." ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఏది పని చేయడం లేదో అడిగి, వాళ్ల పేరుతో వేరే ఐడీ చేస్తూ వచ్చాను.

మూడో రోజు మధ్యాహ్నం రాజవ్వ వచ్చింది. నిజాంసాగర్ కాలువ కింద వరి పండించే కుటుంబం, అరవై దాటిన మనిషి. సెల్లును కొంగులో చుట్టి తెచ్చింది.

"బిడ్డా, గీ పండ్ల ఆట నాకు పానాలు ఇస్తలేదు."

నా చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు కింద పెట్టాను. "ఎన్ని దినాలాయె అవ్వా?"

"వారం దగ్గర పడ్డది. ముందుగాల ఒత్తంగనే ఇచ్చేది. మంచిగుండె."

"అది పైసలకు ఇస్తదవ్వా."

"నా తాన పైసలేడియి? బ్యాంకు కార్డు గూడ లేదు. సెల్లోళ్లే ఇస్తుండ్రనుకున్న."

విషయం చెప్పాను. రాజవ్వ ఒడిలోని సెల్లును ముట్టుకోవడానికి కూడా భయపడింది. "ఎవరి పైసలు బిడ్డా? ఉన్నోళ్లా, లేనోళ్లా?" అని అడిగింది. తర్వాత, తప్పు పట్టినట్టు కాకుండా, గుర్తు చేసుకుంటున్నట్టుగా అంది: "పచ్చది ఒత్తు అని నువ్వే జెప్తివి గద."

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డదంటారు. పడ్డాక ఎలా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

స్టోర్‌కు అర్జీ పెడితే కొంత డబ్బు వెనక్కి వచ్చింది. మిగతాది నేను వేశాను. రాజవ్వ ఇస్తానన్నా తీసుకోలేదు. ఇక ఊరుకో, పైసలు పైసలకు సరిపోయాయి కదా అన్నాడు మా ఆయన. పైసలైతే సరిపోయాయి. మోతీరాంను దొంగ అన్నది నలుగురిలో, అదీ నా పేరు చెప్పి. ఆ మాట ఇంకా అక్కడే ఉంది.

దుకాణం మూసి బిచ్కుంద దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో తండాకు వెళ్లాను. ధన్‌సింగ్ పెద్దమనుషులను పిలిచాడు. ఐడీ గురించి, కార్డు గురించి చెప్పాను. ఎవరికీ అర్థం కాలేదు. ఒక పెద్దాయన చెయ్యి ఎత్తి ఆపాడు.

"గవన్ని మాకు తెల్వయి బిడ్డా. మోతీ తీసిండా, తియ్యలేదా?"

"తియ్యలేదు. తప్పు నాది" అన్నాను.

శాంతాబాయి అక్కడే నిలబడి తమ్ముడికి ఫోను చేసింది. వాళ్ల భాష నాకు రాదు. నా పేరు మాత్రం రెండుసార్లు వినిపించింది. ఫోను పెట్టేశాక ఆమె నా వైపు చూడకుండానే చాయ్ పోసి ఇచ్చింది.

మోతీరాం పన్నెండు రోజుల తర్వాత తిరిగొచ్చాడు. బావ సెల్లు తీసుకుపోవడానికి అతనే దుకాణానికి వచ్చాడు. చెరుకు ఆకులు గీసుకుని చేతుల నిండా గీతలు పడి ఉన్నాయి. అంతకుముందు అతన్ని నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఆ సంగతి అతను ఎదురుగా నిలబడ్డాకే నాకు తట్టింది.

"తప్పయింది తమ్మీ" అన్నాను.

అతను సెల్లును అటూ ఇటూ తిప్పి చూసి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు సెల్లును అడిగినవక్కా. నన్ను అడగలే" అని వెళ్లిపోయాడు.

ఇప్పుడు నా దగ్గర ఎవరి ఐడీ వాళ్లది. పాస్‌వర్డ్ వాళ్లే కొడతారు, ఆ కాసేపు నేను మొహం తిప్పుకుంటాను. కార్డు నంబరు దాచిపెట్టాలా అని సెల్లు అడిగితే వద్దని చెప్పిస్తాను. విదేశీ చెల్లింపుల అనుమతి మూసి ఉందో లేదో వాళ్ల చేతే చూపిస్తాను. ఒక్కో సెల్లుకు అరగంట పడుతుంది. పడనీ. పచ్చది ఒత్తుండ్రి అన్న మాట మానేశాను, చదివించుకున్నాకే ఏదైనా ఒత్తమంటున్నాను. ఖాతాలో డబ్బు పోయిందని ఇప్పటికీ నెలకు ఒకరిద్దరు వస్తుంటారు, వస్తూనే ఇంట్లో ఎవరో ఒకరి పేరు చెబుతారు. మొదట కార్డు ఆపిస్తాను. ఆ తర్వాత, ఆ పేరుగల మనిషిని దుకాణానికి తీసుకురమ్మంటాను. వాళ్లు వచ్చి కూర్చుని మాట్లాడేదాకా సెల్లు తెరవను.