మామిడి పిందెకు వేసిన తాళం

2003లో నేను హిందూపురంలో కంప్యూటర్లు బాగుచేస్తూ, అడిగినవాళ్ళకు చిన్న చిన్న ప్రోగ్రాములు రాసిచ్చేవాణ్ణి. ఈ విద్య కాలేజీలో నేర్చింది కాదు. లెక్కల మీద ఇష్టంతో పుస్తకాలు ముందేసుకొని కూడబలుక్కుంటూ నేర్చుకున్నదే. ధర్మవరంలో చీరల డిజైన్ సెంటర్ నడిపే నా మిత్రుడు సూరి ఒక రోజు ఫోన్ చేసి రమ్మంటే, పెనుకొండ మీదుగా పోయే ప్యాసింజరు ఎక్కాను.

మగ్గం పైన ఉండే జకార్డు యంత్రంలో ఏ పోగు లేవాలో అట్టలకు కొట్టిన రంధ్రాలు చెబుతాయి. ఆ రంధ్రాల లెక్క సూరి కంప్యూటర్లోని ప్రోగ్రాం తయారుచేస్తుంది. నేను పోయేసరికి నేతగాడు ఓబులేసు దిగాలుగా కూర్చుని ఉన్నాడు. పెళ్ళిచీరకు మగ్గం మీద నిలువుపోగుల పడుగు ఎక్కించాడు. కొంగు డిజైన్ కంప్యూటర్లో వేస్తుంటే మొదటి వరస మామిడి పిందెలు బాగానే వచ్చి, రెండో వరస నుంచి అన్నీ సగం చెదిరిపోతున్నాయి.

"సాయంత్రానికి మంచి అట్టలు రాకుంటే ఈ చీర ఇంకో మగ్గానికి పోతాదబ్బా" అన్నాడు.

"నేనేస్తే బాగానే వస్తాండాది. అంతా నీ చేతి మహిమప్పా!" అన్నాడు సూరి.

"నా చెయ్యి కాదు, నీ పెట్టెలోనే దయ్యముండాది."

ఆ ప్రోగ్రాం రాసినాయన ఎప్పుడో ఊరు వదిలిపోయాడు. ప్రతి పిందెకూ నకలు తీసే అసలు బొమ్మ మెమరీలో ఉంటుంది; ప్రోగ్రాంలోని అన్ని వేల వాక్యాల్లో దాన్ని ఏ వాక్యం చెరుపుతోందో చదివి కనిపెట్టాలంటే సాయంత్రం చాలదు. అప్పుడు ఎంప్రొటెక్ట్ గుర్తొచ్చింది. ఆపరేటింగ్ సిస్టం మెమరీని పేజీలుగా పంచుతుంది. ఆ కంప్యూటర్లో పేజీకి 4096 బైట్లు. ఒక పేజీని చదవవచ్చా, దానిలో రాయవచ్చా అనే అనుమతిని మార్చమని సిస్టంను అడిగే పిలుపే ఎంప్రొటెక్ట్. చదవడానికి మాత్రమే అనుమతి ఉంచితే, అందులో రాయబోయిన ప్రోగ్రాంను సిస్టం ఆ క్షణమే ఆపేస్తుంది. పేజీకి తాళం వేసినట్టన్నమాట.

మొదటిసారి ఆ పిలుపు చెల్లలేదు. బొమ్మ చిరునామాను 4096తో భాగించి చూస్తే శేషం మిగిలింది. తాళం పేజీ మొదలు నుంచే పడుతుంది, నడిమధ్యన పడదు. బొమ్మను సరిగ్గా ఒక పేజీ మొదట్లోకి జరిపి, దాని ముందు ఆనుకొని ఉన్న, డిజైన్ గీసే చోటును అలాగే ఆనించి, తాళం వేశాను.

సూరి వరసకు ఎనిమిది పిందెల చొప్పున వేశాడు. ఏమీ కాలేదు.

"ఓబులేసన్నా, నువ్వు రోజూ వేసినట్టే వెయ్యి" అన్నాను.

ఆయన కీబోర్డు మీద తొమ్మిది అని కొట్టాడు.

"ఎనిమిది కాదా?" అన్నాడు సూరి.

"కొంగుకు సరిసంఖ్య యాడన్నా వేస్తారా? మా ఇంట్లో నాయన కాలం నుంచీ బేసే. నడిమిన ఒకటి నిలబడాల, రెండు పక్కలా సమానముండాల."

మాట పూర్తికాకముందే తెర మీది డిజైన్ మాయమై, రాయకూడని చోట రాయబోయిందని చెప్పే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అన్న మాట పడింది. నేను నవ్వుతూ ఎగిరి చప్పట్లు కొట్టాను.

"ఏమబ్బా, పెట్టె సచ్చిపాయ, నువ్వు నగుతాండావు!"

"సావలేదన్నా, దొంగ దొరికినాడు!"

ప్రోగ్రాంలో తప్పు జరిగిన వాక్యాన్ని, తప్పులు వెతికే డీబగ్గర్ వేలు పెట్టి చూపింది. ప్రోగ్రాం సగం డిజైన్ గీసి, అద్దంలోలా రెండో సగం తీస్తుంది. తొమ్మిదిలో సగం నాలుగున్నర. చోటు మాత్రం నాలుగుకే కేటాయించారు. మిగిలిన అర పిందె పక్కనే ఉన్న అసలు బొమ్మ మీద పడుతోంది. సూరి ఎప్పుడూ ఎనిమిదితోనే సరిచూసేవాడు కాబట్టి అతనికి కనపడలేదు.

ఆ అర పిందెకు చోటు పెంచి, తాళం తీయకుండానే మళ్ళీ తొమ్మిది వేయించాను. ఒక వరస, రెండో వరస, చివరి వరస, అన్నీ నిండుగా వచ్చాయి. పొద్దు వాలకముందే అట్టలు కొట్టించి, ఓబులేసు సైకిలుకు కట్టుకొని పోయాడు. కొన్నాళ్ళకు చీర మగ్గం దిగాక, అప్పగించే ముందు, నేనూ ఉన్న రోజున తెచ్చి సూరి కీబోర్డు మీదే కొంగు పరిచాడు.

"ఇప్పుడు సెప్పు సూరీ, నా చేతి మహిమ ఎట్లుండాది?"

అంతకుముందు నేను చెడిపోయిన చోటే తప్పును వెతికేవాణ్ణి. చెడకూడని దానికి ముందు తాళం వేయడం ఆ పెళ్ళిచీర పనిలోనే నేర్చుకున్నాను. తప్పు చేస్తూ నడిచే ప్రోగ్రాం కంటే, తప్పు దగ్గరే ఆగిపోయే ప్రోగ్రాం ఎంతో మేలు.