రిలీఫ్ అంటే

నేను హైస్కూల్లో చేరిన ఏడు వాన చుక్క పడలేదు. మడకశిర రోడ్డు మీద సర్కారు కరువు పని పెట్టింది. దానికి రిలీఫ్ అని పేరు. "యాడికి పోతాండావు?" అని ఎవరైనా అడిగితే మా అమ్మ "రిలీఫుకు" అనేది. పోయి పొద్దుగూకేదాకా కంకర కొట్టేది.

ఒకరోజు ఇంగ్లీషు అయ్యవారు క్లాసులో ఆ మాటకు అర్థం అడిగారు. "కంకర కొట్టడం" అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఎవరింట్లో మాత్రం దానికి వేరే అర్థం ఉంది గనక? ఆయన నల్లబల్ల మీద "బాధ తగ్గడం" అని రాశారు.

ఆ సాయంత్రం అమ్మ అరచేతుల బొబ్బలకు ఆముదం రాస్తూ, "అమ్మా, రిలీఫంటే బాధ తగ్గడమంట" అని చెప్పాను.

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని చూసుకుంది.

"ఎవురికంట?" అంది.