క్లారినెట్టు లేని ప్లేటు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను అక్కడ ఒక డేరాలో గుమాస్తాని. డేరా అంటే నిజంగా గుడ్డ డేరానే. గాలి లేస్తే ఫైళ్ళ మీద రాళ్ళు పెట్టి, ఆ రాళ్ళ మీద చేతులు పెట్టి కూర్చునేవాళ్ళం. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. మాది కడప. నా పక్క బల్ల దగ్గర టైపు కొట్టే ఆయన కర్నూలు పాతబస్తీ మనిషి. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆఫీసంతా ఆయన్ని భాయ్ అనేది, నేనూ అంతే. మా ఇద్దరికీ స్నేహం కుదిర్చింది మాత్రం ఆఫీసు కాదు, ఒక పాటల పార్టీ.

ఆ పార్టీ మా కడపది. మొత్తం ఆరుగురు. పెళ్ళిళ్ళకీ, ఉరుసులకీ, ఒంటిమిట్ట తిరునాళ్ళకీ వాళ్ళు పాడాల్సిందే. క్లారినెట్టు వాయించే పెద్దాయనే పార్టీకి మాస్టరు. పాడేది ఒకే ఒక్కడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడు చూసినా అప్పుడే నిద్ర లేచినట్టుండే మనిషి. మేం ఆయన్ని మా పాటగాడు అనుకునేవాళ్ళం. పాట ఎత్తుకునే ముందు గట్టిగా గొంతు సవరించుకునేవాడు. ఆ సవరింపుకే జనం ఈలలు వేసేవాళ్ళు. ఒక్క పల్లవిని పావుగంట అటు తిప్పి ఇటు తిప్పి, అందరూ ఇక చాలనుకునే క్షణంలో పై స్థాయికి లేచేవాడు. సరిగ్గా అక్కడ మాస్టరు క్లారినెట్టు వచ్చి కలిసేది. పందిరి గుంజలు కదిలినట్టుండేది. నాకు తెలిసిన ఒక తహసీల్దారు ఆ చోట లేచి నిలబడి, ఎందుకు నిలబడ్డాడో తెలియక మళ్ళీ కూర్చునేవాడు.

అట్లాంటి పార్టీ ప్రొద్దుటూరు పెళ్ళిలో విడిపోయింది. ఆడపెళ్ళివాళ్ళు పూలదండ మాస్టరుకి వేయకుండా ముందు పాటగాడికి వేశారట. మాస్టరు క్లారినెట్టును పెట్టెలో పెట్టి, "ఈ పొద్దుటి నుంచి నీ దావ నీది, నా దావ నాది" అన్నాడట. వారం తిరక్కుండా పాటగాడు మద్రాసు రైలెక్కాడు.

ఐదారు నెలలకు ఆయన సొంతంగా ఒక గ్రామఫోను ప్లేటు ఇచ్చాడని కబురొచ్చింది. అటు ఒక పాట, ఇటు ఒక పాట. డేరాల్లో ఆ వారం పని ఎంత జరిగిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

బురుజు దగ్గర మేం రోజూ ఉగ్గాని, బజ్జి తినే హోటలుండేది. హోటలాయనకు ఒక గ్రామఫోను ఉంది. దాని మీద ఆయన తప్ప ఎవరూ చెయ్యి వేయకూడదు. మద్రాసు నుంచి ఆ ప్లేటు తెప్పించిందీ ఆయనే. ఆదివారం పొద్దున పది గంటలకు పెడతానన్నాడు. తొమ్మిదికే బల్లలన్నీ నిండిపోయాయి. మిగిలినవాళ్ళు కిటికీ చువ్వలు పట్టుకుని వేలాడారు. హోటలాయన తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, గ్రామఫోనుకు కీ ఇచ్చి ముల్లు దించాడు.

ముందు వయొలిన్లు వచ్చాయి. ఒకటి కాదు, ఒక గుంపు. తర్వాత గొంతు వచ్చింది. మా పాటగాడి గొంతే. కానీ సవరించుకోలేదు. ఏ ముందస్తు హెచ్చరికా లేకుండా పాటలోకి దిగిపోయాడు. పల్లవి ఒకసారి, చరణం ఒకసారి, మళ్ళీ పల్లవి. అంతే. ముల్లు గరగర తిరుగుతోంది.

కిటికీ దగ్గరున్న ఒక రైతు అడిగాడు. "ఏమప్పా, కీ అయిపాయనా?"

"కీ కాదు, పాటే అయిపాయ" అన్నాడు హోటలాయన.

"అదేందప్పా! నేనింకా సరిగ్గా కూసోనే లేదు!"

దానితో మొదలైంది. సగం మంది అద్భుతం అన్నారు. మద్రాసు పోయినాక గొంతు కడిగిన ముత్యమైందన్నారు. ఇన్నాళ్ళూ ఆ క్లారినెట్టు అడ్డం పడబట్టే గొంతు వినపడలేదన్నారు. మిగతా సగం మంది, ఇది మా వాడి పాటే కాదు, మద్రాసు వాళ్ళు ఎవరినో కూర్చోబెట్టి పాడించారన్నారు. మా సీమలో రెండు పార్టీలు పుట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు. బజ్జీలు చల్లారే లోపలే ప్లేటు పక్షం, క్లారినెట్టు పక్షం ఏర్పడ్డాయి. మరుసటి రోజుకి ఆఫీసులో కూడా ప్లేటు పక్షం వాళ్ళు క్లారినెట్టు పక్షం వాళ్ళకు ఇంకు సీసా ఇవ్వడం మానేశారు.

నేను ఏ పక్షమో నాకే తెలియదు. రెండు పక్షాలూ నన్ను తమవాడే అనుకున్నాయి. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని పేరు. మొదట ప్లేటు పక్షం వాళ్ళు వచ్చి పాటగాడికి ఒక అభినందన ఉత్తరం రాసిపెట్టమన్నారు. రాశాను. "ఆ క్లారినెట్టు మోత వదిలిన తర్వాత గదా మీ గొంతులోని తీపి మాకు తెలిసింది" అని ఒక వాక్యం వాళ్ళు చెప్పిందే. సాయంత్రం క్లారినెట్టు పక్షం వాళ్ళు వచ్చి కడపలో ఉన్న మాస్టరుకి ఒక ఓదార్పు ఉత్తరం రాయమన్నారు. అదీ రాశాను. "మీరు లేని ఆయన పాట ఉప్పు లేని సంగటి" అన్నది మాత్రం నా సొంతం.

రెండు ఉత్తరాలూ, రెండు కవర్లూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని భాయ్‌కి చూపించాను. భాయ్ రెండూ చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఎవరిని పొగిడే ఉత్తరం వాళ్ళకు పోతే ఏం మజా ఉండాది?" అన్నాడు.

"అంటే?"

"అంటే ఏం లేదు. గాలికి కాగితాలు మారిపోతాయి గదా, డేరా గదా."

ఆ పొద్దు ఆకు కూడా కదల్లేదు. అయినా కాగితాలు మారిపోయాయి. నేనే కవర్లు అంటించాను, భాయ్ వాటిని పోస్టు డబ్బాలో వేశాడు. తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరం పరీక్ష ఎగ్గొట్టిన పిల్లల్లా నవ్వుకున్నాం.

పదిరోజులకు, ఉత్తరాల్లో మేం ఇచ్చిన హోటలు చిరునామాకి మాస్టరు దగ్గర నుంచి కార్డు వచ్చింది. హోటలాయన దాన్ని అందరి ముందూ పైకి చదివాడు. "అయ్యలకు నమస్కారం. పాటగానికి రాసిన జాబు పొరపాటున నాకొచ్చింది. నేను గట్టిగా ఊదుతానని అందులో రాసినారు. నిజమే. పై స్థాయి కాడ వాని గొంతు నిలవదు, చిన్నప్పటి నుంచి అంతే. అది మీకు వినపడగూడదని ఊదితి. మీకు వినపడలేదంటే నా పని నేను చేసినట్టే. ప్లేటు ఇంగోసారి వినండి."

హోటలాయన గబగబా ప్లేటు పెట్టాడు. ఈసారి మేం విన్నది పాట కాదు, ఆ చోటు. చరణం ఎక్కుతోంది, ఎక్కుతోంది, ఇంకొక్క మెట్టు ఉందనగా వయొలిన్ల గుంపు అడ్డం వచ్చింది. గొంతు నెమ్మదిగా కిందికి దిగిపోయింది. తిప్పేసి రెండో పక్క పెట్టాడు. అక్కడా అంతే.

నాకు చెవులు వేడెక్కాయి. భాయ్ వైపు చూస్తే ఆయన టీ గ్లాసులోకి చూస్తున్నాడు.

"పెద్ద మనిషి" అన్నాడు. "మనం శానా చిల్లర పని చేసినాం."

ఆ బాధ మాకు రెండు వారాలు కూడా నిలవలేదు. కడపలో మా పినతండ్రి కూతురి పెళ్ళి వచ్చింది. సెలవు పెట్టి, భాయ్‌ని వెంటబెట్టుకుని నంద్యాల మీదుగా బస్సులో పోయాను. పందిట్లో అడుగు పెట్టేసరికి అదే పార్టీ, ఆరుగురూ ఉన్నారు. పాటగాడు మాస్టరు పక్కన కూర్చుని తమలపాకులకు సున్నం రాసి ఇస్తున్నాడు.

ఏం జరిగిందంటే, పాటగాడికి అందిన ఉత్తరం పైన "మాస్టరుగారికి" అని ఉంది. ఎవరిది వాళ్ళకు చేర్చాలి కదా అని దాన్ని జేబులో పెట్టుకుని ఆయన మద్రాసు నుంచి వచ్చాడు. మాస్టరు ఇంటి వాకిట్లో నిలబడి, "ఇది నీదప్పా" అని పాటగాడు ఇచ్చాడు. మాస్టరు లోపలికి పోయి, "ఇది నీదిరా" అని రెండోది తెచ్చిచ్చాడు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఎవరి ఉత్తరం వాళ్ళు చదువుకున్నారు. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చేతిరాత ఒకటే.

ఇదంతా మాస్టరు నాకు పందిట్లోనే చెప్పాడు. చెబుతూనే నా వైపు తల వాల్చి అడిగాడు. "నువ్వు కర్నూల్లో ఏం పని చేస్తాండావప్పా?"

"రాతపని" అన్నాను.

"గుండ్రంగా రాస్తావా?"

భాయ్ నా వెనక్కి దాక్కున్నాడు. నేను తలొంచుకుని ఒప్పుకున్నాను. పాటగాడు పడీపడీ నవ్వాడు. "ఉప్పు లేని సంగటా నా పాట? మద్రాసులో గొంతు సవరించుకోగూడదన్నారు, వరండాలోకి పోయి సవరించుకొని వచ్చినా. నా బాధ ఎవరికి తెలుస్తాది?"

పాట మొదలైంది. ఆయన గొంతు సవరించుకున్నాడు, ఈలలు మోగాయి. పల్లవి పావుగంట తిరిగింది. పై స్థాయి వచ్చే ముందు మాస్టరు నా వైపు చూసి కన్ను గీటి, క్లారినెట్టును పెదాల మీద నుంచి తీసేశాడు. పాటగాడి గొంతు ఒంటరిగా అక్కడిదాకా పోయి, నిలబడి, ఠపీమని ఆగిపోయింది. ముందుగా నవ్వింది పాటగాడే. పందిరంతా నవ్వింది. "ఇప్పుడు వినండి" అని మాస్టరు మళ్ళీ ఎత్తుకున్నాడు. ఈసారి రెండూ కలిసి లేచాయి. ఎక్కడ గొంతు ఆగిందో, ఎక్కడ క్లారినెట్టు అందుకుందో, ముందే తెలిసిన నాకు కూడా దొరకలేదు.

నా వెనక వరసలో ఒక పెద్దాయన మాత్రం పెదవి విరిచాడు. "ఏమో నాయినా, ప్లేటులోనే బాగుండె. తొందరగా అయిపోయేది."

శిక్ష తర్వాత వచ్చింది. తాళాలు వేసే మనిషిని మాస్టరు భోజనానికి పంపి, నన్ను ఆయన స్థానంలో కూర్చోమన్నాడు. "జాబులు రాసిన చెయ్యే కదా, ఆగకుండా వెయ్" అన్నాడు. ఆ మనిషి భోజనం చేసి వచ్చి, వక్కపొడి నములుతూ, నన్ను చూసి సంతోషంగా పక్కన కూర్చున్నాడే తప్ప తాళాలు తీసుకోలేదు. వరసగా ఏడు పాటలు. సోమవారం ఆఫీసులో కలం పట్టుకుంటే వేలు వంగలేదు. నా పనంతా భాయే టైపు కొట్టాడు, కొడుతున్నంతసేపూ అదే పల్లవి ఈల వేస్తూ.