ఊదు బావా

మా బావ బస్సు డ్రైవరు. డిపోలో డ్రైవర్లు బండెక్కే ముందు ఊదాల్సిన, తాగితే మోగే మిషను నా చేతిలో ఉంటుంది. అంటే రోజూ పొద్దున్నే సొంత అక్క మొగుణ్ణి పట్టుకుని "ఊదు బావా" అనాల్సిన ఖర్మ నాది.

తాగే రోజుల్లో ఆయన వేసిన ఒట్లకు లెక్కలేదు. వేసిన ఒట్టు వేసినట్టే తీసి గట్టున పెట్టేవాడు. ఒకసారి మిషను మోగింది. ఏడాదిపాటు స్టీరింగు ముట్టనివ్వకుండా బస్సులు కడిగే పనిలో పడేశారు. అక్క అరవలేదు, ఏడవలేదు. "ఇకమీదట మీ మాట ఒక్కటి కూడా నమ్మను" అంది. ఆ మాటకే మానేశాడు.

మానడమంటే మాటలా? డాక్టరు మందులిచ్చినా మొదటి వారం చేతులు వణికి చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయాడు. సాయంత్రమైతే ఏం తోచక ఇంట్లో కుళాయిలన్నీ విప్పి బిగించేవాడు. దాంతో బాగున్నవి కూడా కారడం మొదలెట్టాయి. పిల్లకి ఒక్క బిస్కెట్టు మిగిల్చేవాడు కాదు, మహానుభావుడు. అయితేనేం, ఆకలి వచ్చింది, నిద్ర వచ్చింది. కూతురు ఏ క్లాసో ఎవరినీ అడక్కుండా చెప్పగలిగాడు. కానీ ఆయన ఇంటికి రాగానే అక్క దగ్గరికొచ్చి నోటి వాసన చూసేది. ఆయన బుద్ధిగా నోరు తెరిచి నిలబడేవాడు.

ఏడాది గడిచాక మేనేజరు కాళ్ళావేళ్ళా పడి, నేను పూచీ ఉండి, మళ్ళీ బస్సెక్కించాను. "ఇంకోసారి మోగితే ఇద్దరూ ఇంటికే" అన్నాడు మేనేజరు.

మూడో నెలలో ఒక పొద్దున మోగింది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. నోటికొచ్చినట్టు తిట్టాను. "తాగలేదు బామ్మర్దీ" అన్నాడు. ఒట్టు వెయ్యబోయి, తన ఒట్టు ఎవరు నమ్ముతారనుకున్నాడో ఏమో, ఆగిపోయాడు. నేను అక్కకి ఫోన్ చేసి, "నీ మొగుడు మళ్ళీ మొదలెట్టాడు, మిషను మోగింది" అన్నాను.

"ఆయనేమంటున్నారు?"

"తాగలేదంటున్నాడు."

"అయితే తాగలేదు. మళ్ళీ ఊదించు." ఫోన్ పెట్టేసింది.

అప్పుడు నాకు బుద్ధొచ్చి, నోట్లో ఏం పోసుకున్నావని అడిగాను. నసుగుతూ జేబులోంచి చిన్న సీసా తీశాడు. నోరు పుక్కిలించే మందు. పాత వాసన ఇంకా ఎవరికైనా తగులుతుందేమోనని, ఆ రోజే కొత్తగా కొని, డిపో గేటు దగ్గర పుక్కిలించాడట. సీసా మీద చిన్న అక్షరాల్లో ఉంది, అందులో ఆల్కహాలు కలిసిందని. తాగని మనిషి చేసిన నిర్వాకం ఇది!

నీళ్ళతో నోరు కడిగించి, పావుగంట కూర్చోబెట్టి మళ్ళీ ఊదించాను. సున్నా.

"సున్నా బావా!" అని అరిచాను. తిట్టిన తిట్లకు ముఖం చెల్లక, అక్క అన్న మాట కూడా చెప్పేశాను. ఆయన మిషను వైపు చూడనైనా లేదు.

"ఎప్పుడంది? సున్నా వచ్చాకా?"

"లేదు బావా, ముందే. మోగిందని చెప్పినా సరే, ఆ మాటే అంది."

బస్సు మెట్టు మీద కూలబడి, ప్రయాణికులు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా భోరుమన్నాడు. బండి ఆలస్యమైందని అందరూ నా మీద విరుచుకుపడ్డారు. పడితే పడ్డారు.

"ఇంకోసారి చెప్పవా, ఏమంది?" అన్నాడు.

చెప్పాను.